నేను వెళ్తే అమ్మను ఎవరు చూసుకుంటారు?

ప్రశ్న:

మేడమ్, నమస్తే. పన్నెండేళ్లపాటు భర్త చేతిలో దెబ్బలు తిని, కిందటేడాది పిల్లలిద్దర్నీ తీసుకుని బయటికి వచ్చేశాను. ఇప్పుడు మా అమ్మ దగ్గర ఉంటున్నాం. బాబుకు పదకొండేళ్లు, పాపకు ఏడు. మాకు సాయం చేస్తున్న సంస్థవాళ్లు ఈ వేసవిలో ఇద్దర్నీ ఆరు రోజుల క్యాంపుకు పంపమంటున్నారు. ఇంట్లో హింస చూస్తూ పెరిగిన పిల్లల కోసమే నడిపే క్యాంపట. పాప ఎగిరి గంతేసింది. బాబు మాత్రం వెళ్లనని మొండికేశాడు. గుచ్చి గుచ్చి అడిగితే "నేను వెళ్తే నిన్నెవరు చూసుకుంటారు?" అన్నాడు. వాడికి కోపం ఎక్కువ. మొన్న చెల్లెలి చెయ్యి మెలిపెట్టి, వాళ్ల నాన్న నన్ను తిట్టే మాటే తిట్టాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్కడ ఎవర్నైనా కొడితే ఎలా? పాప ఇప్పటికీ కొన్ని రాత్రులు పక్క తడుపుతుంది. నలుగురిలో నవ్వులపాలు అవుతుందేమో. జరిగినవన్నీ చెప్పమని పిల్లల్ని మళ్లీ ఏడిపిస్తారేమోనని ఇంకో టెన్షన్. మా అమ్మేమో "ఇంటి గుట్టు లంకకు చేటు, ఫారంలో ఏమీ రాయకు" అంటోంది. పంపమంటారా, వద్దంటారా?

ఓ తల్లి

జవాబు:

ఇద్దర్నీ పంపండి. పాప గురించి నాకు పెద్దగా బెంగ లేదు, తన సంగతి తర్వాత చెప్తాను. బాబు విషయంలో మాత్రం బస్సెక్కించే ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకుండా బుజ్జగించో, గదమాయించో పంపితే అక్కడున్నన్నాళ్లూ వాడి ప్రాణం మీ దగ్గరే ఉంటుంది.

మీ ఉత్తరం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది వాడు అన్న ఆ ఒక్క మాట దగ్గరే. మీరు దాన్ని మొండితనం కింద రాశారు. నాకలా అనిపించలేదు. పదకొండేళ్ల పిల్లాడు మీకు కాపలా ఉంటున్నాడు. ఎవరూ అప్పజెప్పకుండానే ఆ పని తన మీద వేసుకున్నాడు. ఇప్పుడు మనం వాణ్ణి ఆటలకు రమ్మంటున్నాం, వాడేమో డ్యూటీ వదిలి ఎలా రావాలని అడుగుతున్నాడు.

హింస జరిగే ఇళ్లలో పెరిగిన పిల్లలకు చెవులు చాలా చురుకు. తాళం తిప్పిన చప్పుడును బట్టి, చెప్పులు విడిచిన తీరును బట్టి ఆ రాత్రి ఎలా గడవబోతోందో చెప్పేయగలరు. గొంతులు పెరగగానే చెల్లెల్ని పక్కగదిలోకి తీసుకెళ్లి టీవీ సౌండ్ పెంచే అన్నలుంటారు. మంచినీళ్లు కావాలన్న వంకతో వచ్చి అమ్మానాన్నల మధ్య నిలబడేవాళ్లుంటారు. కడుపు నొప్పని బడి మానేసి, ఆ పగలంతా అమ్మ వెనకాలే తిరిగేవాళ్లుంటారు. మీ అబ్బాయి వీటిలో ఏవేం చేశాడో ఓసారి గుర్తుచేసుకోండి. అప్పట్లో అల్లరనో, బడి ఎగ్గొట్టడమనో అనుకున్నవి ఇప్పుడు మీకు వేరేగా అర్థం కావచ్చు. మీరు ఆ ఇంట్లోంచి బయటపడ్డారు. వాడింకా బయటపడలేదు.

ఇది మనసుకే కాదు, ఒంటికీ పట్టే విషయం. ప్రమాదం కనిపిస్తే గుండె వేగం పెరగడం, కండరాలు బిగుసుకోవడం, చూపు తలుపు మీదికి పోవడం అందరిలోనూ జరుగుతుంది. ప్రమాదం తప్పగానే ఒళ్లు మళ్లీ సర్దుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ అదే స్థితిలో ఉన్న పిల్లల ఒళ్లు అంత త్వరగా సర్దుకోదు. చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, పుస్తకం తెరిచినా ధ్యాస నిలవకపోవడం, ఉన్నట్టుండి విరుచుకుపడటం, ఇవన్నీ దాని ఫలితాలే. అమెరికాలో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా అనే డాక్టర్ల బృందం 9,500 మందికి పైగా పెద్దవాళ్ల బాల్యం గురించి ఆరా తీసి 1998లో ఒక అధ్యయనం ప్రచురించింది. పెద్దయ్యాక ఆరోగ్యాన్ని దెబ్బతీసే చిన్ననాటి అనుభవాల్లో, తల్లిని కొడుతుంటే చూడటాన్ని కూడా వాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. పిల్లాడి ఒంటి మీద దెబ్బ పడకపోయినా వాడికి దెబ్బ తగిలినట్టేనని ఆ తర్వాత లోకం ఒప్పుకోక తప్పలేదు.

ఇది చదివి మీరు బెంబేలు పడకండి. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు బృందం పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక సమస్యలు ఇలా చాలా కష్టాలు ఒకేసారి మీదపడ్డ పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా, నలుగురికీ పనికొచ్చే మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో పదేపదే కనిపించింది ఏమిటంటే, తమను విడవకుండా పట్టించుకున్న పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉండటం. తల్లో, తాతో, టీచరో, పక్కింటివాళ్లో ఎవరైనా సరే. మీ పిల్లలకు అలాంటి మనిషి మీరు ఇప్పటికే ఉన్నారు. క్యాంపు చేయగలిగిన మేలల్లా అలాంటివాళ్లను ఇంకొందర్ని చేర్చడం.

ఇక బాబుతో ఎలా మాట్లాడాలో చెప్తాను. "నాకేం కాదు, నువ్వు వెళ్లు" అని మాత్రం అనకండి. ఆ మాట వాడు ఎన్నిసార్లు విన్నాడో ఆలోచించండి. పెదవి చిట్లిన రోజు కూడా మీరు "నాకేం కాలేదు, వెళ్లి పడుకో" అనే ఉంటారు. ఏ తల్లయినా అలాగే అంటుంది. కానీ వాడి దృష్టిలో ఆ మాటకు విలువ పోయింది. వాడికిప్పుడు కావాల్సింది ధైర్యవచనం కాదు, ఏర్పాటు.

తీరిగ్గా ఉన్నప్పుడు, చెల్లెలు లేనప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. "కన్నా, ఇన్నాళ్లూ నువ్వు నన్ను కనిపెట్టుకుని ఉన్నావని నాకు తెలుసు. అది చిన్నపిల్లల మీద పడాల్సిన పని కాదు. నీ తప్పేం లేకుండానే నీ మీద పడింది. ఇప్పుడా పని పెద్దవాళ్లం చూసుకుంటాం. ఎలా చూసుకుంటామో నువ్వే విను, ఇంకా ఏదైనా కావాలనిపిస్తే అడుగు." తర్వాత నిజంగానే ఒక కాగితం తీసుకుని ఆ ఆరు రోజుల సంగతి వాడి ముందు రాయండి. రాత్రి ఇంట్లో మీతో ఎవరెవరు ఉంటారు, తలుపు గడియ ఎవరు చూస్తారు, వాళ్ల నాన్న వస్తే మీరు తలుపు తీయకుండా ఏ నంబర్లకు ఫోన్ చేస్తారు, సంస్థవాళ్లు మిమ్మల్ని రోజూ ఏ వేళకు పలకరిస్తారు. వాడు అడిగే ప్రశ్నలు విని మీకు గుండె బరువెక్కవచ్చు. "వెనక తలుపు సంగతేంటి?" అంటాడు. "నువ్వు ఫోన్ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతావు కదా" అంటాడు. నవ్వి తీసిపారేయకండి. ఒక్కోదానికీ జవాబు రాయండి.

ఆ కాగితం మీద రాసింది అబద్ధం కాకూడదు. మీ భర్త నుంచి ఇప్పటికీ బెదిరింపులు వస్తుంటే పిల్లల ప్రయాణం సంగతి పక్కనపెట్టి, ముందు మీ భద్రత గురించి సంస్థవాళ్లతో కూర్చుని మాట్లాడండి. పిల్లలు మన మొహం చూసి అసలు విషయం పట్టేస్తారు.

ఇంకో మెలిక ఉంది. మామూలు క్యాంపులకు పంపేటప్పుడు పిల్లలకు బెంగ పెట్టుకోకుండా ఎలా అలవాటు చేయాలో అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం 2007లో ఒక నివేదిక ఇచ్చింది. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయంలో పిల్లల్ని కలుపుకోవాలి, ముందుగా ఒకటి రెండు రాత్రులు తెలిసినవాళ్లింట్లో ఉంచి అలవాటు చేయాలి, "బెంగొస్తే చెప్పు, వచ్చి తీసుకొచ్చేస్తా" అని మాటివ్వకూడదు అన్నవి ఇలాంటి సలహాల్లో ముఖ్యమైనవి. అలా మాటిస్తే పిల్లలు మొదటి గంట నుంచే ఆ ఫోన్ కోసం ఎదురు చూస్తారు. మీ బాబుకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి, ఒక్క తేడాతో. వాడిది ఉత్త బెంగ కాదు, మీకేమైందోనన్న భయం. చాలా క్యాంపుల్లో ఫోన్లు ఉండనివ్వరు. కాబట్టి మీరు రోజూ సాయంత్రం ఒక మెసేజ్ పంపేలా, వాడిని చూసుకునే క్యాంపు అన్నయ్య దాన్ని వాడికి చదివి వినిపించేలా ముందే మాట్లాడి పెట్టుకోండి. "అమ్మ బాగుంది, అమ్మమ్మ పక్కనే ఉంది, నువ్వు ఈరోజు ఏం ఆడావో రేపు చెప్పించు" అన్నంత చాలు. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" లాంటి మాటలు ఆ ఆరు రోజులూ వద్దు. మీకు ఎంత నిజంగా అనిపించినా వద్దు.

ఇంతకీ ఆ క్యాంపులో ఏం చేస్తారు? బయటినుంచి చూస్తే మామూలు వేసవి క్యాంపే. ఈత, ఆటలు, బొమ్మలు, కొండెక్కడం, రాత్రి మంట చుట్టూ పాటలు. ఈ తరహా క్యాంపుల్లో అందరికీ తెలిసినది అమెరికాలో కేసీ గ్విన్ 2003లో శాన్‌డియేగోలో మొదలుపెట్టిన క్యాంప్ హోప్. ఆయన అప్పట్లో ఆ నగరానికి అటార్నీ, అంటే నగర ప్రభుత్వ న్యాయవాది. భార్యల్ని కొట్టిన కేసులు చూసీ చూసీ, ఈ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఇవే కేసుల్లో కనిపించకూడదంటే చిన్నప్పుడే ఏదో చేయాలన్నది ఆ పని వెనకున్న ఆలోచన. తర్వాత అది చాలా రాష్ట్రాలకు పాకింది.

వాళ్లు నమ్ముకున్న లెక్క కాన్సస్ యూనివర్సిటీ సైకాలజిస్టు సి.ఆర్. స్నైడర్ చెప్పినది. ఆశ అంటే అంతా మంచే జరుగుతుందని కూర్చోవడం కాదంటాడాయన. చేరుకోవాల్సినది ఒకటి ఉండాలి, దాన్ని చేరే దారులు తోచాలి, ఆ దారిలో నడవగలనన్న నమ్మకం ఉండాలి. ఇవి మూడూ నేర్పదగినవే. పిల్లల్లో దీన్ని కొలవడానికి 1997లో ఆయన బృందం ఆరు ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసింది. ఓక్లహోమా యూనివర్సిటీకి చెందిన చాన్ హెల్మన్ లాంటివాళ్లు క్యాంపుకు వెళ్లొచ్చిన పిల్లల్లో ఈ కొలత పెరగడం గమనించారు. అలాగని వారం రోజుల్లో గాయాలన్నీ మానిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ మూడూ పిల్లలకు ఎలా తెలుస్తాయో చెప్పాలంటే ఎక్కే గోడనే తీసుకోండి. నడుముకు బెల్టు, నెత్తిన హెల్మెట్ పెట్టి, తాడు కట్టి పిల్లాణ్ణి గోడ ముందు నిలబెడతారు. ఎక్కే ముందు "ఎంతవరకు ఎక్కాలనుకుంటున్నావు?" అని అడుగుతారు. పై దాకా అక్కర్లేదు. "ఆ ఎర్ర రాయి దాకా" అంటే అదే వాడి గమ్యం. సగంలో కాలు పట్టు దొరక్కపోతే కింద నుంచి "కుడివైపు ఇంకోటుంది చూడు" అని వినిపిస్తుంది తప్ప ఎవరూ తిట్టరు. వణుకు పుట్టి "చాలు, దించేయండి" అన్నాడనుకోండి, వెంటనే దించేస్తారు. బతిమాలరు, వెక్కిరించరు. నా దృష్టిలో క్యాంపు మొత్తంలో ఇంతకు మించిన క్షణం లేదు. వాడు పుట్టి పెరిగిన ఇంట్లో "చాలు" అన్న మాటకు విలువ ఉండేది కాదు. మీరన్నా ఆగలేదు, వాడన్నా ఆగలేదు. బలమున్న ఒక పెద్దమనిషి, తాడు చేతిలో ఉన్న మనిషి, పిల్లాడు చాలంటే ఆగిపోవడం వాడు కళ్లారా చూస్తాడు. రెండోసారి వాడే వచ్చి ఎక్కుతానంటాడు, ఎందుకంటే ఆపే హక్కు తనదేనని తెలిసింది.

జరిగినవన్నీ చెప్పిస్తారేమోనని భయపడ్డారు. మంచి క్యాంపు అలా చేయదు. అది కోర్టూ కాదు, చికిత్స గదీ కాదు. అక్కడికి వచ్చిన పిల్లలందరి ఇళ్లలోనూ ఇలాంటిదే ఏదో జరిగింది కాబట్టి దాచుకోవాల్సిన పనీ లేదు, చెప్పుకోవాల్సిన పనీ లేదు. చెప్పాలనిపించిన పిల్లలు చెప్తారు, చాలాసార్లు మనం అనుకోని వేళల్లో, బూట్ల లేసులు కట్టుకుంటూనో, పడుకోబోయే ముందో. అప్పుడు వినేవాళ్లకు శిక్షణ ఉండాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు, మొహంలో కంగారు కనబడకూడదు, "ఎవరికీ చెప్పనులే" అని ఒట్టు వేయకూడదు. ఎందుకంటే ఒక పిల్లకు ఇప్పుడు కూడా ప్రమాదం ఉందని తెలిస్తే సంబంధిత అధికారులకు చెప్పాల్సిన బాధ్యత చాలా చోట్ల చట్టం ప్రకారమే వాళ్ల మీద ఉంటుంది. ఈ సంగతి పిల్లలకు మొదటిరోజే చెప్తారా అని అడగండి. ముందు చెప్పకుండా తర్వాత బయటపెడితే పిల్లలు నమ్మకద్రోహంగా తీసుకుంటారు.

మరో మాట. వాళ్ల నాన్న మీద ప్రేమ చంపుకోమని అక్కడ ఎవరూ చెప్పకూడదు. మీరూ చెప్పకండి. పిల్లలకు కొట్టిన నాన్న గుర్తుంటాడు, భుజాల మీద ఎక్కించుకున్న నాన్నా గుర్తుంటాడు. ఆయన చేసింది తప్పని తెలిసి కూడా ఆయన కోసం బెంగపడొచ్చు.

బాబు కోపం దగ్గరికి వద్దాం. చెల్లెలి చెయ్యి మెలిపెట్టిన రోజు మీ కాళ్లూ చేతులూ ఎందుకు ఆడలేదో నాకు అర్థమైంది. ఆ క్షణంలో మీకు కనిపించింది కొడుకు కాదు, భర్త. మీరు ఉత్తరంలో రాయకపోయినా మీ భయం "వీడూ వాళ్ల నాన్నలాగే తయారవుతాడేమో" అన్నదే. ఇంట్లో హింస చూసిన మగపిల్లలకు ఆ ప్రమాదం ఎక్కువన్న మాట నిజం. వాళ్లలో ఎక్కువమంది అలా తయారవ్వరన్నదీ అంతే నిజం. కానీ "అచ్చం వాళ్ల నాన్నే" అన్న మాట మాత్రం ఎంత కోపంలోనూ మీ నోటి నుంచి రానీయకండి, మీ అమ్మగారినీ అననివ్వకండి. తాను రేపు ఏమవుతానోనన్న భయం వాడికీ ఉంటుంది. మనం ఆ మాట అంటే వాడి భయానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది.

అలాగని చూసీ చూడనట్టు వదిలేయమనీ కాదు. అలా జరిగినప్పుడు ముందు పాప దగ్గరికి వెళ్లండి. తన చెయ్యి చూడండి, "అన్నయ్య అలా చేయడం తప్పు, నీ తప్పేం లేదు" అని వాడు వింటుండగానే చెప్పండి. "అన్నయ్యే కదా, సర్దుకుపో" అని ఎప్పుడూ అనకండి. ఆ సర్దుకుపోవడమే మీ చేత పన్నెండేళ్లు చేయించారు, పాపకు అది రాకూడదు. తర్వాత బాబుతో, గొంతు పెంచకుండా, "కోపం రావచ్చు. చెయ్యి లేవకూడదు. ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ ఎవరి మీదా లేవదు, నాది కూడా" అని చెప్పండి. ఆ చివరి ముక్క నిజంగా పాటించండి. విసుగులో మీరు వాడి వీపు మీద ఒక్కటిచ్చినా, బలమున్నవాళ్లు కొట్టవచ్చన్న పాత పాఠమే వాడికి మిగులుతుంది.

క్యాంపువాళ్లను నేరుగా అడగండి. "మా బాబు ఎవరినైనా కొడితే మీరేం చేస్తారు?" వెంటనే ఇంటికి పంపేస్తామంటే ఈ పిల్లల కోసం పెట్టిన క్యాంపు కింద నేను లెక్కేయను. ముందు దెబ్బ తిన్న పిల్లను చూసుకుంటాం, బాబును పక్కకు తీసుకెళ్లి వాడు చల్లబడేదాకా ఒకరు కూడా ఉంటాం, తర్వాత ఏం జరిగిందో మాట్లాడి వాడి చేతే సరిదిద్దిస్తాం, మీకు తెలియజేస్తాం అన్న తీరులో జవాబు రావాలి. వాడు చెల్లెలికి కూడా కాపలా కాయబోతాడని వాళ్లకు చెప్పి ఉంచండి. వయసును బట్టి పడక గదులు వేరుగా ఉంటాయి. తిండి వేళల్లో పాపను ఒకసారి చూసి పలకరించే వీలుంటే వాడికి స్థిమితంగా ఉంటుంది.

పాప పక్క తడపడం గురించి అసలు దిగులు పడకండి. ఆ వయసు పిల్లల్లో మామూలుగా కూడా ఉంటుంది, ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లలో ఇంకా ఎక్కువ. క్యాంపు నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. ముందే చెబితే రాత్రి ఒకసారి లేపి బాత్‌రూమ్‌కు తీసుకెళ్తారు. దుప్పటి అడుగున రాత్రి డైపరు ముందే పెట్టి ఉంచితే పడుకున్నాక లోపలే తొడుక్కోవచ్చు. తడిసిన పక్కను మిగతా పిల్లలు లేవకముందే తీసేసి అదే రంగు దుప్పటి పరిచేస్తారు. మీరు ఒకే రకం నైట్ డ్రెస్సులు రెండు మూడు సర్దండి, మారిస్తే ఎవరికీ తెలియదు.

పంపే ముందు మీరు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పనిచేసేవాళ్ల పూర్వాపరాలు విచారించి తీసుకున్నారా? ఒక పెద్దమనిషి ఒక పిల్లతో ఎవరి కంటా పడకుండా ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా? రాత్రిళ్లు మెలకువగా ఎవరుంటారు? రాత్రి బస ఉండే క్యాంపుల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లవాళ్లు ఎనిమిది మందికి ఒకరు పెద్దవాళ్లుండాలని అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ చెబుతుంది. అది మామూలు పిల్లల లెక్క. దెబ్బతిన్న పిల్లలకు అంతకంటే ఎక్కువమంది ఉంటేనే మంచిది. క్యాంపు ఎక్కడ జరుగుతోందో బయటికి పొక్కకుండా చూస్తారా, పిల్లల ఫొటోలు సోషల్ మీడియాలో పెడతారా, తిరిగి తీసుకెళ్లడానికి ఎవరొస్తే అప్పగిస్తారు అన్నవి మీలాంటివాళ్లకు ప్రాణం మీది విషయాలు. పిల్లల కస్టడీ కేసు నడుస్తుంటే ఊరు దాటి పంపడానికి అడ్డంకులేమైనా ఉన్నాయేమో లాయరును ఒక మాట అడగండి. ఇవన్నీ అడిగితే చిరాకుపడే సంస్థ అయితే పంపకండి. మంచివాళ్లయితే మీరు అడిగినందుకు సంతోషిస్తారు.

తిరిగొచ్చాక మొదటి రెండు మూడు రోజులు గడ్డుగా ఉండవచ్చు. కొందరు పిల్లలు పడి నిద్రపోతారు, కొందరు చీటికీమాటికీ ఏడుస్తారు. "అక్కడే బాగుంది" అని మీ మొహం మీదే అంటారు. ఇన్నాళ్లూ నా దగ్గర నవ్వనివాడు వారానికే పరాయివాళ్ల దగ్గర నవ్వాడా అని మీ మనసు చివుక్కుమనవచ్చు. అలా అనిపించడంలో తప్పులేదు, పిల్లల ముందు పెట్టకండి. అక్కడ తేలికపడటం నేర్చుకున్న పిల్లలు, ఇన్నాళ్లూ మీ మీద దాచుకున్న కోపం కూడా అప్పుడే బయటపెట్టవచ్చు. "ఆ ఇంట్లోంచి ముందే ఎందుకు బయటికి రాలేదు?" అని బాబు అడిగే రోజు వస్తుంది. సంజాయిషీలు చెప్పుకోకుండా వినండి. "నీకు అప్పుడు చాలా భయమేసింది కదా" అంటే చాలు, మిగతాది వాడే చెప్తాడు. ఏం జరిగిందని ఆరా తీయకండి, పాటలు నేర్పమనండి, ఆటలు చూపించమనండి.

క్యాంపు తర్వాత ఏముందన్నది నేను మొదటే అడగమనేదాన్ని. వారం రోజులు ప్రాణానికి ప్రాణంగా చూసుకున్న అన్నయ్య, అక్క ఆ తర్వాత కనిపించకుండా పోతే, మనుషులు వస్తారు, పోతారు అన్న పాత అనుభవమే మళ్లీ ఎదురవుతుంది. ఏడాది పొడవునా అప్పుడప్పుడూ అదే పిల్లల్ని, అదే పెద్దవాళ్లను కలిపే ఏర్పాటు ఉన్న క్యాంపే ఎంచుకోండి. దీంతోపాటు బాబుకు నిద్ర, చదువు, కోపం అలాగే ఉంటే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇలాంటి పిల్లల కోసమే ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే చికిత్స పద్ధతి (చేదు అనుభవాల వల్ల వచ్చిన ఆలోచనల్నీ, ప్రవర్తననూ సరిచేసుకోవడం నేర్పేది) ఉంది, అందులో తల్లి కూడా పాలుపంచుకుంటుంది. క్యాంపు దానికి బదులు కాదు.

చివరిగా ఫారం సంగతి. మీ అమ్మగారు మిమ్మల్ని కాపాడుకోవాలనే ఆ సామెత చెప్పారు. కానీ ఆ గుట్టును ఇన్నేళ్లూ మోసినవాళ్లలో ఈ పిల్లలూ ఉన్నారు, ఆ బరువే ఇప్పుడు దించాలనుకుంటున్నాం. జరిగిన కథంతా రాయక్కర్లేదు, పిల్లల్ని చూసుకోవడానికి కావాల్సింది రాస్తే చాలు. బాబుకు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాడా? అరుపులకు, విజిల్‌కు బెదురుతాడా? తలుపు కనిపించే చోట పడుకుంటేనే నిద్రపడుతుందా? కోపం వచ్చే ముందు చేతులు బిగిస్తాడా, మాట మానేస్తాడా, అప్పుడు ఎలా పలికితే చల్లబడతాడు? పాపకు దీపం కావాలా, ఏ బొమ్మ పక్కన ఉండాలి? వాళ్ల నాన్న వచ్చి అడిగితే అప్పగించకూడదన్నది స్పష్టంగా, కోర్టు ఉత్తర్వు ఉంటే కాపీతో సహా పెట్టండి. ఈ ఫారం ఎవరెవరు చదువుతారో, ఎక్కడ దాస్తారో అడిగి తెలుసుకోండి. చోటు చాలకపోతే వేరే కాగితం మీద రాసి జతచేయండి. బాబు గురించి రాసినది ఇచ్చే ముందు వాడికి చదివి వినిపించండి. ఏదైనా ముక్క వద్దంటే ఎందుకు వద్దో అడిగి, ఇద్దరూ ఒప్పుకున్నట్టుగా మార్చి రాయండి.